పడవ పొయ్యి – కాలువ భోజనం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, రాజుల గురించీ యుద్ధాల గురించీ వ్రాయడానికి నాకంటే చదువుకున్నవారు మన సభ్యులలోనే చాలామంది ఉన్నారు కదా అనుకున్నాను. నాకు బాగా తెలిసిన చరిత్ర ఒక్కటే. అది కాలువది. మా నాన్నగారు కృష్ణా పశ్చిమ డెల్టాలో, దుగ్గిరాలకూ బాపట్లకూ మధ్య ఒక లాకు దగ్గర లస్కరుగా పనిచేశారు. నేను పుట్టింది, పదిహేనేళ్ళ వయసు వచ్చేదాకా పెరిగింది ఆ లాకు పక్కన ఉన్న రెండు గదుల క్వార్టరులోనే. మా ఇంటి ముందు రోడ్డు లేదు, కాలువే ఉంది. అందులో తెరచాప పడవలు వస్తూ పోతూ ఉండేవి. లాకు తెరిచే వరకు ఆగిన ప్రతి పడవ మీదా ఒక పొయ్యి వెలిగేది.

ఆ పొయ్యి గురించే ఈ వ్యాసం. పడవలో నెలల తరబడి కాపురం ఉంటూ, బస్తాల మధ్య మూరెడు చోటులో వండుకుని, ఉన్నంతలో బాగా తిన్నవాళ్ళ గురించి. వారి పేర్లు ఏ గెజిటులోనూ లేవు. వారి వంట ఏ వంటల పుస్తకంలోనూ లేదు.

ఓడలు మనకు కొత్త కాదు

మన తీరానికి తెరచాప కొత్తది కాదు. శాతవాహన రాజుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గణపతిదేవ చక్రవర్తి 1244-45లో అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డెక్కితే అందులోని సరుకంతా రాజులు బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కంటే గొప్పదిగా ఎంచి సముద్రం మీదకు తెచ్చిన సొమ్మును అలా తీసుకోవడం న్యాయం కాదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. కర్పూరం, చందనం, మిరియాలు, పట్టు, పగడాలు, ముత్యాలు – ఏ సరుకుకు ఎంత సుంకమో ఆ శాసనంలో ఉంది. ఆ శతాబ్దం చివరలో మార్కోపోలో కూడా మోటుపల్లిని గురించి వ్రాశాడు.

రేపల్లెకు దక్షిణాన ఉన్న నిజాంపట్నం మరొక రేవు. 1611లో ఇంగ్లీషువారి 'గ్లోబ్' అనే ఓడ మచిలీపట్నం చేరేముందు ఇక్కడే ఆగింది. అప్పట్లో వారు ఈ ఊరిని పెట్టపోలి అని వ్రాసుకునేవారు.

ఈ చరిత్ర అంతటిలోనూ సరుకు లెక్క ఉంది, సుంకం లెక్క ఉంది. ఓడ నడిపిన కళాసీలు ఆ పూట ఏం తిన్నారో ఒక్క ముక్క లేదు. చరిత్ర వ్రాసేవారికి ఆకలి వేయకపోవచ్చు, చరిత్రను మోసినవారికి మాత్రం వేసింది.

కాలువ ఎలా వచ్చింది

1832-33 నందన నామ సంవత్సరపు కరువులో గుంటూరు సీమ సగం ఖాళీ అయిపోయిందని మా నాయనమ్మ వాళ్ళ పెద్దల మాటగా చెప్పేది. జిల్లాలో ఉన్న సుమారు అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది వరకు పోయారని చరిత్రకారులు వ్రాశారు. కృష్ణలో నీళ్ళు సముద్రానికి పోతూనే ఉన్నాయి, పక్కన మనుషులు పోతూనే ఉన్నారు. సర్ ఆర్థర్ కాటన్ పట్టుదల మీద ముందు గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట, తరువాత 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట వచ్చాయి. కృష్ణ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కెప్టెన్ ఓర్.

కాటన్ దృష్టిలో కాలువ అంటే పొలానికి నీరు ఒక్కటే కాదు, సరుకుకు దారి కూడా. అందుకే పెద్ద కాలువలను పడవలు నడిచేటట్లు త్రవ్వి, మట్టం మారిన ప్రతి చోటా లాకులు కట్టారు. సీతానగరం వైపు నుంచి వచ్చే ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర చీలుతుంది. అందులో నిజాంపట్నం కాలువ తెనాలి మీదుగా సముద్రం వైపు పోతుంది. కొమ్మమూరు కాలువ బాపట్ల, చీరాల ప్రాంతాల మీదుగా పెదగంజాం చేరి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది.

ఆ బకింగ్‌హాం కాలువ మొదట 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా త్రవ్విన చిన్న కాలువ. తరువాత ముక్కలు ముక్కలుగా పెరిగింది. 1876–78 ధాత కరువులో కూలి పని కల్పించడానికి మద్రాసు నగరంలోని భాగాన్ని త్రవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి వచ్చింది. విజయవాడ నుంచి పెదగంజాం దాకా మన కొమ్మమూరు దారి 113 కిలోమీటర్లు, అక్కడి నుంచి మద్రాసు దాకా మరో 316 కిలోమీటర్లు. పైన విజయవాడ నుంచి ఏలూరు కాలువ గోదావరిని కలుపుతుంది. అంటే కాకినాడలో ఎక్కిన బస్తా సముద్రం ముఖం చూడకుండా మద్రాసులో దిగేది. ఒక కరువు తరువాత పుట్టి, మరొక కరువులో పెరిగిన దారి అది. దాని మీద బియ్యం పడవలు నడిచాయి.

పడవలో కాపురం

మా లాకు మీదుగా పోయే పెద్ద పడవలలో నలుగురో అయిదుగురో ఉండేవారు. పెద్దవాడు సరంగు, మిగతావారు కళాసీలు. కొన్ని పడవలలో సరంగు భార్య, పిల్లలు కూడా ఉండేవారు. వారికి ఊళ్ళో ఇల్లు ఉన్నా, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇల్లు పడవే. పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనుక భాగాన్ని అమరం అనీ అనేవారు. మధ్యలో సరుకు, దాని మీద తాటాకుల గూడు. అమరం దగ్గర చుక్కాని పట్టే మనిషి కాళ్ళ వెనుక పొయ్యి.

ఖరీఫు పంట కోతలు అయ్యేసరికి ఈశాన్యపు గాలి ఉండేది. బియ్యం వేసుకుని దక్షిణానికి పోయే పడవకు అది వరం. తెరచాప ఎత్తితే పడవ దానంతట అదే పోయేది. మాఘం, ఫాల్గుణం దాటాక దక్షిణపు పైరగాలి మొదలయ్యేది. అప్పుడు ఉప్పు, ఇతర సరుకు వేసుకుని తిరిగి వచ్చేవారు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కనుక ఈలోపే ఇల్లు చేరాలి. గాలి లేనప్పుడు ఇద్దరు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు, ఒకడు గెడ వేసేవాడు. తాడు భుజం మీద వేసుకుని వంగి నడిచే మనిషికి ఎంత ఆకలి వేస్తుందో కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూసిన నాబోటివాడికి తెలియదు. కానీ వారు తింటుంటే చూశాను.

గాలి బాగుంటే మద్రాసుకు పది పన్నెండు రోజులు, లేకపోతే మూడు వారాలు అని సరంగులు చెప్పేవారు. అందువల్ల వంట సామాను మూడు వారాలకు సరిపడా ఉండాలి, పాడు కాకుండా ఉండాలి, కొంచెం చోటులో ఇమడాలి. పడవ వంట అంతా ఈ మూడు షరతుల లోపలే జరిగేది.

పొయ్యి, పొగ, గాలి

కొయ్య పడవలో, తాటాకు గూడు కింద, ఎండిన గోనె సంచుల పక్కన నిప్పు పెట్టడం సాహసమే. అందుకని ఒక చెక్క పెట్టెలో జానెడు మందం ఇసుక, దాని మీద మట్టి మెత్తి, మూడు మట్టి ముద్దలు పొయ్యిగడ్డలుగా పెట్టేవారు. పెట్టెకు గాలి వచ్చే వైపు పాత రేకో చాపో అడ్డం. పక్కన ఎప్పుడూ ఒక కుండెడు నీళ్ళు. వంట కాగానే నిప్పుల మీద ఇసుక కప్పేవారు. రాత్రి పొయ్యి వెలిగించి నిద్రపోయినవాడిని సరంగు మర్నాడు పడవ దింపేసేవాడట.

వంట చెరకు సరుగుడు పుల్లలు, తాటి మట్టలు, ఒడ్డున దొరికిన చితుకులు. పిడకలు నిలకడగా మండుతాయి గానీ ఒకసారి తడిస్తే పనికిరావు, అందుకని గూడు కింద నెత్తి మీద కట్టేవారు. ఎదురు గాలి ఉన్న రోజున పొయ్యి మండదు, పొగ మొహానికి కొడుతుంది. అలాంటి రోజు వంట లాకు దగ్గరే. పై వైపు తలుపు మూసి, కింది మదుము తెరిచి, నీటి మట్టం సమానం అయ్యేలోగా, ముందు ఇంకో రెండు పడవలు వరుసలో ఉంటే ఇంకా హాయి, అన్నం ఉడికిపోయేది. మా నాన్నగారు లాకు తలుపు చక్రం తిప్పుతూ, "ఏం సరంగూ, గంజి వార్చావా? తలుపు తీయనా?" అని అడగడం నా చెవిలో ఇప్పటికీ ఉంది.

అన్నం వార్చడం కూడా ఒక విద్యే. ఊగే పడవలో మట్టి కుండ మూతికి సిబ్బి పెట్టి, గుడ్డతో పట్టుకుని వంచాలి. గాలి ఎటు పోతోందో అటు తిరగాలి. గంజిని పారబోయరు. ఉప్పు వేసుకుని సాయంత్రం తాడు లాగి వచ్చినవాడు తాగుతాడు.

నీళ్ళ సంగతి

కాలువలో పోయేవాడికి నీళ్ళకు కొదవేమిటి అనుకుంటాం. కొదవ ఉంది. కొమ్మమూరు కాలువ నీరు కృష్ణమ్మ తీపి నీరు. వర్షాకాలంలో ఎర్రగా బురదగా వస్తుంది. కుండ లోపలి గోడకు ఇండుప గింజను అరగదీసి నీళ్ళు పోస్తే గంటలో మట్టి అడుగుకు దిగి పైన తేట తేరేది. ఇండుప గింజ లేనివారు పటిక తిప్పేవారు. మా అమ్మ కూడా అదే చేసేది.

పెదగంజాం దాటితే కథ మారిపోతుంది. బకింగ్‌హాం కాలువ సముద్రం పక్కనే, ఉప్పుటేరులను కలుపుకుంటూ పోతుంది. నీరు ఉప్పన. కాళ్ళ కింద అంత నీరు ఉన్నా గుక్కెడు తాగలేరు. అందుకని దాటే ముందే కుండలన్నీ, పీపా ఉంటే పీపా, తీపి నీటితో నింపుకునేవారు. ఆ తరువాత లెక్క ప్రకారమే. తాగడానికి తీపి నీరు, బియ్యం మొదటి కడుగు ఉప్పు నీటితో, రెండో కడుగు తీపి నీటితో. ఎసట్లో తీపి నీరు పోసి అందులో కొద్దిగా ఉప్పు నీరు కలిపితే వేరే ఉప్పు వేయనక్కరలేదు. ఇలాంటి పొదుపు ఏ బడిలోనూ నేర్పలేదు.

ఏం తినేవారు

పొద్దున చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లవారేసరికి కాస్త పులిసేది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, లేదా ఊరు మిరపకాయ. దొరికితే మజ్జిగ. ఆ అన్నానికి సన్న బియ్యం పనికిరాదని సరంగులు అనేవారు. ముతక బియ్యమైతే నీళ్ళలో రాత్రంతా ఉన్నా మెతుకు విడిగా నిలబడుతుంది, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. మన బాపట్ల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బి.పి.టి. 5204, ఈవాళ దేశమంతా తింటోంది. రుచికి దానికి సాటి లేదు. కానీ తాడు లాగేవాడి చద్దికి ఆనాటి ముతక రకాలే దన్ను.

మధ్యాహ్నం వేడి అన్నం, ఒక పులుసు. పడవ వెనుక గాలం ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. జెల్ల పడినా, కొర్రమీను పడినా ఆ పూట పండగే. చింతపండు చిక్కగా పిసికి, కారం, ఉప్పు, పసుపు దండిగా వేసి మట్టి దాకలో పులుసు పెట్టేవారు. పసుపుకు కరువు లేదు, దుగ్గిరాల మీదుగానే కదా వచ్చేది. గరిటె పెట్టి కలపరు, దాకను రెండు చేతులా పట్టుకుని తిప్పుతారు. ముక్క చెదరదు. ఆ పులుసు రెండో రోజుకు ఇంకా రుచి. పులుపు, ఉప్పు, కారం మూడూ కలిసి దాన్ని చెడిపోనివ్వవు. ఫ్రిజ్ లేని రోజులలో పులుసు అంటే కూర మాత్రమే కాదు, నిల్వ ఉంచే పద్ధతి కూడా.

చేప పడని రోజున ఎండు సరుకు. నిజాంపట్నం, సూర్యలంక వైపు నుంచి వచ్చిన ఎండు మెత్తళ్ళు, ఎండు రొయ్యలు, సావిడాయలు. ఎండు రొయ్యలు వేయించి గోంగూరలో వేస్తే వాసన గట్టు మీద అర మైలు పోయేది. శాకాహారం తినే రోజులలో కంద, గుమ్మడి, దోసకాయ. ఈ మూడూ వారాల తరబడి నిలవ ఉంటాయి. గూడు కొయ్యకు ఉట్టి కట్టి దోసకాయలు వేలాడదీసేవారు. పడవ ఊగితే అవీ ఊగేవి. ఆకుకూర కొనేవారు కాదు. గట్టు మీద పొన్నగంటి, తోటకూర, తలుపు దగ్గర ఎవరింటి మునగో. తాడు లాగేవాడు నడుస్తూనే కోసి ఒడిలో వేసుకునేవాడు.

అమరం మూలన జాడీలు. ఆవకాయ, చింతకాయ తొక్కు, పండుమిరపకాయ పచ్చడి. పడవ కదలికకు దొర్లకుండా వాటిని తాటి నారతో కొయ్యకు కట్టేవారు. "కూర లేకపోయినా పడవ సాగుతుంది, జాడీ పగిలితే సాగదు" అనేవాడు నాకు తెలిసిన ఒక సరంగు.

తొమ్మిది రోజులు

ఇక నేను చెప్పాలనుకున్న అసలు విషయం. అది 1955 సంక్రాంతి తరువాత. నాకు పదేళ్ళు. మా లాకు తలుపు గొలుసు తెగి, తలుపు పక్కకు ఒరిగిపోయింది. కొత్త సామాను వచ్చి బిగించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మద్రాసు పోయే బియ్యం పడవ ఒకటి మా ఇంటి ముందు ఆగిపోయింది. సరంగు, నలుగురు కళాసీలు.

మొదటి మూడు రోజులు బాగానే ఉంది. పొయ్యి వెలిగేది, పాటలు వినిపించేవి. నేను బడి నుంచి రాగానే పడవ మీదకు పరుగెత్తేవాణ్ణి. మా నాయనమ్మ కేక వేసేది. "ఒరేయ్, వాళ్ళ కంచంలో చెయ్యి పెట్టావంటే ఇంట్లోకి రానివ్వను!" ఆ రోజులలో ఎవరి కుండ వారిదే, ఎవరి నీళ్ళు వారివే. సరంగుకు ఆ సంగతి తెలుసు. నేను పడవ ఎక్కితే కూర్చోమని చాప వేసేవాడు గానీ, తినమని ఎప్పుడూ అనలేదు.

అయిదో రోజు సాయంత్రం పొయ్యి వెలగలేదు. ఆరో రోజు కూడా పొద్దున వెలగలేదు. గాలం వేసుకుని కూర్చున్నారు. లాకు తలుపు మరమ్మతుకు నీరు తగ్గించినందువల్ల చేప కూడా లేదు. నేను మా నాన్నగారితో, "సరంగు తాత వాళ్ళు వంట చేసుకోలేదు నాన్నా" అన్నాను. ఆయన పడవ దగ్గరకు వెళ్ళారు, నేనూ వెనకాలే వెళ్ళాను.

"ఏం పెద్దాయనా, పొయ్యి వెలగలేదేం?"

"తిండి గింజలు అయిపోయాయి లస్కరుగారూ. పొన్నూరులో తెలిసిన కొట్టు ఉంది, కుర్రాణ్ణి పంపాను. వస్తాడు."

మా నాన్నగారు బస్తాల వైపు చూశారు. వందకు పైగా బియ్యం బస్తాలు. ఆయన ఏమీ అనకుండానే సరంగుకు అర్థమైంది.

"అవి మనవి కావు కదయ్యా. కుట్టు విప్పిన బస్తా రేవులో దింపితే నా మొహం ఎవరు చూస్తారు?" అన్నాడు.

బియ్యం మీద కూర్చుని ఆకలితో ఉన్న మనుషులను నేను ఆ రోజు చూశాను. కొట్టుకు పంపిన కుర్రాడు ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు, అరువు ఇవ్వలేదు. మా నాన్నగారు ఇంటికి వచ్చి, మా అమ్మతో ఏమీ చెప్పకుండా, బియ్యం డబ్బాలోంచి రెండు కుంచాలు కొలిచి సంచిలో పోశారు. మాదీ కలిగిన ఇల్లు కాదు. లస్కరు జీతం. అమ్మ ఒక్క మాట అనలేదు. సంచి మీద చింతపండు ఉండ ఒకటి, నాలుగు ఉల్లిపాయలు పెట్టింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. లోపలికి వెళ్ళి, ఆకులో మాగాయ పెట్టి తెచ్చి నా చేతికి ఇచ్చింది. "ఇది కూడా ఇచ్చి రా" అంది.

ఆ రాత్రి పొయ్యి వెలిగింది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి చద్దన్నం తింటున్నారు. మాగాయ టెంక ఒకటి అయిదుగురి మధ్య తిరుగుతోంది. నేను వెళ్ళి సరంగు పక్కన కూర్చుని చెయ్యి చాచాను. ఆయన నా మొహం చూశాడు, మా ఇంటి వైపు చూశాడు. నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. చూసి, తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. సరంగు ఒక ముద్ద నా చేతిలో పెట్టాడు. చల్లగా, పుల్లగా, ఉప్పగా ఉంది. డెబ్బయ్యేళ్ళు గడిచాయి. పెళ్ళిళ్ళలో ఎన్నో విందులు తిన్నాను. ఆ ముద్ద రుచి మళ్ళీ రాలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

ఎండలు ముదిరే వేళ, కాలువ కట్టేసే ముందు, ఆ పడవ ఉప్పు వేసుకుని తిరిగి వచ్చింది. సరంగు రెండు కుంచాల బియ్యం కొలిచి ఇచ్చాడు. పైగా తాటాకు బుట్టెడు ఎండు రొయ్యలు. మా నాన్నగారు వద్దంటే, "బియ్యం అప్పు లస్కరుగారూ. రొయ్యలు మాగాయకు" అన్నాడు.

పడవలు ఎలా పోయాయి

పడవల మీద మొదటి దెబ్బ రైలు కొట్టింది. 1899లోనే బెజవాడ–మద్రాసు రైలు బాపట్ల మీదుగా నడిచింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు రైలు వచ్చింది. అయినా బరువు సరుకుకు, తొందర లేని సరుకుకు కాలువే చవక, అందుకని పడవలు ఇంకో యాభై ఏళ్ళు నిలిచాయి. తరువాత లారీలు వచ్చాయి. 1952లో పాత ఆనకట్ట తెగింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువ నీరు పొలాలకే చాలని రోజులు వచ్చాయి. 1960వ దశకంలో తుఫానులు బకింగ్‌హాం కాలువ గట్లను దెబ్బతీశాయి, పూడిక పెరిగింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, నిజాంపట్నం తీరాన్ని కూడా తుడిచిపెట్టింది. మనుషులనే లెక్క పెట్టలేని ఆ రోజున పడవల లెక్క ఎవరు చూస్తారు?

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అందులో మన కొమ్మమూరు కాలువ కూడా ఉంది. ఆ వార్త పేపరులో చదివిన రోజున నాకు ఆ పొయ్యి పెట్టె గుర్తుకు వచ్చింది.

ఆ సరంగును నేను చివరిసారి చూసింది 1971లో, తెనాలి మార్కెట్టు దగ్గర. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి అయిదేళ్ళు. ఆయన బస్తాలు మోస్తున్నాడు. డెబ్బయి ఏళ్ళు ఉంటాయేమో. ఆయనే నన్ను గుర్తు పట్టి, "లస్కరుగారబ్బాయివి కదూ" అన్నాడు. పడవ ఏమైందని అడిగాను. "పాతబడితే విప్పి అమ్మేశాం బాబూ. మంచి టేకు చెక్కలు తలుపులకు పోయాయి, మిగతావి పొయ్యిలోకి పోయాయి" అన్నాడు. హోటలుకు తీసుకువెళ్ళి ఇడ్లీ తినిపించాను. సాంబారు వేడిగా ఉందని నీళ్ళు పోసుకుని తిన్నాడు. ఇంటి అడ్రసు అడిగాను గానీ తరువాత వెళ్ళలేదు. ఉద్యోగం, పిల్లలు, బదిలీలు. ఆ లోటు నాదే.

చివరగా

2003లో నేను రిటైరైనప్పుడు మొదటి నెల పింఛను చేతికి వచ్చిన రోజున మా నాన్నగారిని తలుచుకున్నాను. లస్కరుగా ఆయనకూ చిన్న పింఛను వచ్చేది, మా అమ్మకు ఆ తరువాత కుటుంబ పింఛను వచ్చింది. అది లేకపోతే మా చెల్లెలి పెళ్ళి జరిగేది కాదు. లాకు తలుపు తీసినవాడికి పింఛను ఉంది. ఆ తలుపులోంచి నలభై ఏళ్ళు పడవ నడిపినవాడికి లేదు. డి.ఎ. బకాయిల గురించి మనం మీటింగులలో గట్టిగా మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవాలి కూడా. అప్పుడప్పుడు మాత్రం ఏ అసోసియేషనూ లేని ఆ మనుషులు నాకు గుర్తుకు వస్తారు.

మనలో చాలామంది ఇప్పుడు ఇద్దరమో ఒక్కరమో ఉంటున్నాం. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. ఒక్కరి కోసం ఏం వండుకుంటాంలే అని బిస్కెట్టు తిని పడుకునేవారు నాకు తెలుసు. మా ఆవిడ పోయాక కొన్ని నెలలు నేనూ అలాగే చేశాను. తరువాత ఒకరోజు పడవ పొయ్యి గుర్తుకు వచ్చి, లేచి చిన్న దాకలో పులుసు పెట్టుకున్నాను. మూరెడు చోటులో, ఎదురు గాలిలో, రోజంతా తాడు లాగి వచ్చి కూడా వాళ్ళు వేడి అన్నం వండుకున్నారు. గ్యాసు పొయ్యి ఉన్న మనకేం అడ్డం?

సభ్యులకు ఒక మనవి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో మీ పెద్దలెవరైనా పడవలలో ప్రయాణం చేసి ఉంటే, పెనుమూడి రేవు దాటి ఉంటే, కాలువ పడవల మీద పనిచేసి ఉంటే, వారు చెప్పిన సంగతులు వ్రాసి మన కార్యదర్శిగారికి పంపండి. మీ అటక మీద పాత సిబ్బి, ఇండుప గింజల డబ్బా ఉంటే పారేయకండి. మనవళ్ళకు చూపించి ఇది దేనికో చెప్పండి.

మా లాకు దగ్గర క్వార్టరు ఇప్పుడు లేదు. కాలువ ఉంది. పోయిన సంక్రాంతికి మా మనవడితో అక్కడికి వెళ్ళాను. గట్టు మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దన్నం, మాగాయ తిన్నాం. "తాతయ్యా, ఇక్కడ ఏముంది?" అని వాడు అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాను.